పెళ్లి మిక్సింగ్ నుంచి బుర్రకథ డాక్యుమెంటరీకి: ఎక్కడ నేర్చుకోవాలి? ఫోన్ ఆడియో ఎందుకు జారిపోతోంది?

పల్నాడు_మిక్సింగ్ | ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. నరసరావుపేటలో తొమ్మిదేళ్లుగా పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తున్నాను, ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. జీలకర్ర బెల్లానికి ఏ పాట, అప్పగింతలకి ఏ పాట అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇప్పుడు ఒకాయన వచ్చి, తమ ఊళ్లో బుర్రకథ దళం మీద 20 నిమిషాల డాక్యుమెంటరీ చేసిపెట్టమన్నారు. ఒప్పేసుకున్నాను. టెన్షన్ అక్కడే మొదలైంది.

షూట్ అయిపోయింది. బొబ్బిలి యుద్ధం కథ, రెండు గంటల పది నిమిషాలు ఆడారు. ఎదురుగా ఒక కెమెరా వైడ్‌లో, ఎడమ పక్క నుంచి ఇంకోటి క్లోజ్‌లో, స్టేజీ వెనక నుంచి మా తమ్ముడి ఫోన్. మైకుల దగ్గర చిన్న రికార్డర్ పెట్టాం.

రెండు సమస్యలు. ఒకటి, ఫోన్ వీడియో మొదట్లో ఆడియోతో సరిగ్గానే ఉంటుంది. గంట దాటేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట. రెండోది పెద్దది. పాట లేకుండా ఎలా కట్ చెయ్యాలో నాకు తెలియట్లేదు. ఇన్నేళ్లూ పాట బీట్ మీద కోశాను. ఇందులో కథ ఉంది. అమీర్‌పేట వెళ్లి మూడు నెలలు కోర్సు చేసే పరిస్థితి లేదు, షాపు మూసుకోవాలి. ఆన్‌లైన్‌లో నిజంగా పనికొచ్చేవి ఏమున్నాయి?

కృష్ణానగర్_అసిస్టెంట్ | ఆదివారం, రాత్రి 11:58

అమీర్‌పేట మాట ఎత్తకు అన్నా. నేను ఒకచోట ముప్పై వేలు కట్టి చేరా. మూడు నెలల్లో మెనూలు చూపించారు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చెప్పారు, ఎప్పుడు నొక్కాలో చెప్పలేదు. ప్రాక్టీస్ ఫుటేజ్ అంటూ ముప్పై మందికీ ఒకే టూత్‌పేస్ట్ యాడ్ ఇచ్చారు.

శబ్దం_శబ్దం | సోమవారం, ఉదయం 6:15

ముందు జారుడు సంగతి చూద్దాం, అది తేలిక. ఒక్కటి చెప్పు తమ్ముడూ. ఆడియో మెల్లమెల్లగా జారుతోందా, ఒకచోట దబ్బున దూకుతోందా? రెండింటికీ మందు వేరు. దూకితే ఫైళ్ల మధ్య ఖాళీ ఉన్నట్టు. మెల్లగా జారితే ఫ్రేమ్ రేట్ గొడవ, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్న లెక్క.

మీడియాఇన్ఫో అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. ఫోన్ ఫైల్‌ని అందులోకి లాగి, ఫ్రేమ్ రేట్ మోడ్ ఎదురుగా ఏం రాసిందో ఇక్కడ పెట్టు. ఎక్కడ సాయం అడిగినా ముందు ఇదే అడుగుతారు. రెడ్డిట్‌లో పనిచేసే ఎడిటర్ల గుంపు ఒకటి, కొత్తవాళ్ల గుంపు ఒకటి వేరువేరుగా ఉంటాయి. "నా వీడియో సింక్ అవట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎక్కడా ఎవరూ పలకరు. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ కెమెరా, ఏ కోడెక్, కంప్యూటర్‌లో ర్యామ్ ఎంత, ఇవి రాస్తే పావుగంటలో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

పల్నాడు_మిక్సింగ్ | సోమవారం, ఉదయం 9:30

మెల్లగానే అన్నా, కానీ ఒకే తీరున కాదు. కొన్నిచోట్ల కాసేపు బాగానే ఉండి మళ్లీ జారుతోంది. మీడియాఇన్ఫోలో ఇలా ఉంది. మోడ్: వేరియబుల్. సగటు 29 పైచిలుకు, కనిష్ఠం 24 దగ్గర, గరిష్ఠం 30. కెమెరాలు రెండూ 25, కాన్‌స్టాంట్ అని చూపిస్తోంది.

శబ్దం_శబ్దం | సోమవారం, ఉదయం 9:51

అదే దొంగ. ఫోన్లు వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గించేస్తాయి. ప్లేయర్‌లో చూస్తే తెలియదు, ఎందుకంటే ప్రతి ఫ్రేముకీ ఎప్పుడు కనిపించాలో టైమ్ రాసి ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఫ్రేములన్నీ సమానం అనుకుని లెక్క వేస్తుంది. అందుకే జారుతుంది.

హ్యాండ్‌బ్రేక్ గానీ షటర్ ఎన్‌కోడర్ గానీ దింపుకో. రెండూ ఉచితమే. హ్యాండ్‌బ్రేక్‌లో అయితే వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 పెట్టి, కింద కాన్‌స్టాంట్ ఎంచుకుని మళ్లీ తియ్యి. క్వాలిటీ కొంచెం ఎక్కువ ఉంచు. ఒరిజినల్ చెరపొద్దు. ఈ పని టైమ్‌లైన్‌లోకి తేకముందే చెయ్యాలి, సగం కట్ చేశాక చేస్తే ఏడుపే.

సింక్ పెట్టడానికి క్లాప్ లేదని బెంగ వద్దు. కథకుడి వేళ్లకి అందెలు ఉంటాయిగా. ఆ ఖంగుమనే శబ్దం వేవ్‌ఫామ్‌లో, అంటే ఆడియో గీతలో, సూదిలా నిలబడుతుంది. క్లాప్ కన్నా నయం, నిమిషానికోసారి దొరుకుతుంది.

కాకినాడ_కెమెరా | సోమవారం, ఉదయం 10:20

అందెలతో సింక్! ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే చిట్కా విన్నా.

ఈసారి ఐఫోన్‌తో తీస్తే సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి పాల్ ఫార్మాట్స్ చూపించు అన్నది ఆన్ చెయ్యండి, 25 కనిపిస్తుంది. ఆటో ఎఫ్‌పీఎస్ ఆఫ్. ఆండ్రాయిడ్‌లో అయితే మాన్యువల్ కెమెరా యాప్ ఏదైనా వాడాలి.

డల్లాస్_డైలీస్ | సోమవారం, సాయంత్రం 7:05

నాదీ ఇదే బాధ, వేరే దారిలో వచ్చింది. విజయవాడలో మా ఫ్రెండ్స్ ఒక షార్ట్ ఫిలిం తీస్తే ఇక్కడ డల్లాస్‌లో కూర్చుని కట్ చేశాను. వాళ్లు 25లో తీశారు. నేను ఇక్కడ తీసిన రెండు సీన్లు 23.976. రికార్డర్ వాడి ఫైలు మాత్రం 24 అనుకుని సెట్ చేసి ఉంది. 24కీ 23.976కీ తేడా ఏముందిలే, ఎవరికి తెలుస్తుంది అనుకున్నా. గంటకి 3.6 సెకన్లు తేడా వస్తుంది. మూడున్నర సెకన్లు అంటే హీరో ఏడ్చేసి కళ్లు తుడుచుకున్నాక ఏడుపు వినపడుతుంది.

ఇంకోటి చూడండి పల్నాడు గారూ. ఫోన్ షాట్లలో నల్లటి చారలు పాకుతున్నాయా? ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్. షటర్ సెకనులో 50వ వంతో 100వ వంతో ఉంటే ట్యూబ్‌లైట్లు సరిగ్గా వస్తాయి. ఫోన్ తనంతట తాను 60లో ఒక వంతు పెట్టుకుంటే చారలు వస్తాయి. ఇక్కడ అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి మాకు ఉల్టా, 60 పెడితేనే మంచిది.

పల్నాడు_మిక్సింగ్ | సోమవారం, రాత్రి 10:48

వస్తున్నాయండీ చారలు! నేను ఫోన్ పాడైందని మా తమ్ముణ్ణి తిట్టాను కూడా. సారీ చెప్పాలి.

హ్యాండ్‌బ్రేక్‌లో తీశాక సింక్ కూర్చుంది. గంటన్నర దగ్గర రికార్డర్‌కీ కెమెరాకీ మూడు ఫ్రేములు తేడా కనిపిస్తోంది, అది పర్లేదా?

శబ్దం_శబ్దం | సోమవారం, రాత్రి 11:02

అది రెండు గడియారాల తేడా. రికార్డర్ లోపలి గడియారం, కెమెరా లోపలి గడియారం అచ్చంగా ఒకే వేగంతో నడవవు. కథ మధ్యలో ఊపిరి తీసుకునే చోట ఆడియోని కోసి, మూడు ఫ్రేములు జరిపెయ్. ఎవరికీ తెలియదు. పాడుతున్న చోట మాత్రం కొయ్యకు.

ఓరుగల్లు_కట్ | మంగళవారం, ఉదయం 8:10

సాఫ్ట్‌వేర్ సంగతి అడుగుతా, ఏమనుకోవద్దు. నీ ఎడియస్ కొన్నదేనా అన్నా, క్రాకా? నేను నాలుగేళ్లు క్రాక్‌ల మీదే బతికిన. ఒకరోజు దానితో పాటు ఏదో వైరస్ వచ్చి రెండు పెళ్లిళ్ల ఫుటేజ్ మొత్తం లాక్ అయింది. తెరవాలంటే డాలర్లు కట్టమని స్క్రీన్ మీద మెసేజ్. పెళ్లికూతురి నాన్న ఇంటి ముందు కూర్చున్నడు. ఆ తర్వాత డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌కి మారిన.

టైమ్‌లైన్_పిల్ల | మంగళవారం, ఉదయం 8:44

రిజాల్వ్‌కి నా ఓటు కూడా. యూట్యూబ్ ఛానెళ్లకి ఎడిట్ చేస్తాను, మూడేళ్లుగా ఉచితానిదే వాడకం. 3840 బై 2160 దాకా ఎగుమతి అవుతుంది, వాటర్‌మార్క్ పడదు. నాయిస్ తగ్గించేవి, ఫ్లికర్ తీసేవి, వాయిస్ ఐసొలేషన్ లాంటివి స్టూడియో వెర్షన్‌లోనే ఉంటాయి. ఉచితంలో వాటిని ముట్టుకుంటే బొమ్మ మీద ముద్ర పడుతుంది. స్టూడియో ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు, నెలనెలా బాదుడు లేదు.

నేర్చుకోవడానికి నేను చూసినవాటిలో దీనికి మించింది లేదు: ఆ కంపెనీవాళ్లే శిక్షణ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా సైట్‌లో ఉచితంగా పెట్టారు. పాఠానికి కావలసిన ఫుటేజ్ కూడా ఇస్తారు. చివర్లో ఆన్‌లైన్ పరీక్ష రాస్తే సర్టిఫికెట్. ఇంగ్లీషులో ఉంటుంది, అయినా బొమ్మలు చూస్తూ లాగించెయ్యొచ్చు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే, నేనే పూర్తి చేశాను.

కంప్యూటర్ బరువు మొయ్యకపోతే ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకలు ఫైళ్లు చేసుకోండి. రిజాల్వ్‌తో పాటే ప్రాక్సీ జనరేటర్ వస్తుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అయిపోతుంది.

పల్నాడు_మిక్సింగ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

క్రాకేనండీ. దాచడానికేముంది. ఇవాళే రిజాల్వ్ దింపాను. మొదటి గంట చేతులు ఆడలేదు, ఎడియస్ షార్ట్‌కట్లే నొక్కుతున్నాను.

ఒక కొత్త బాధ. పేర్లు వేద్దామని తెలుగు అక్షరాలు టైప్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. "బుర్రకథ"లో రకి రావత్తు కింద లేదు, పక్కన పడింది. అను ఫాంట్‌తో వేస్తే ఇంకేదో చెత్త వస్తోంది.

టైమ్‌లైన్_పిల్ల | మంగళవారం, మధ్యాహ్నం 1:40

అందరం ఏడ్చిన ఏడుపే అన్నా అది. అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చిపెట్టిన పాత పద్ధతి. పెళ్లి కార్డులకి సరే గానీ వీడియోకి, ముఖ్యంగా సబ్‌టైటిల్స్‌కి పనికిరావు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సూరన్న, ధూర్జటి, ఇంకా బోలెడు తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. డాక్యుమెంటరీ పేరుకి రామభద్ర నిండుగా ఉంటుంది. కింద పేర్లకి మండలి.

ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ని దక్షిణాసియా, మధ్యప్రాచ్యం అన్నదానికి మార్చాలి, వత్తులు వాటంతట అవే కూర్చుంటాయి. నీ దగ్గర ఏదీ కుదరకపోతే ఇంకో దారి చెప్తా, అందరూ చేసేదే: అక్షరాలు వేరే సాఫ్ట్‌వేర్‌లో రాసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా తీసి టైమ్‌లైన్‌లో పెట్టు. నలుగురికీ చూపించి వత్తులు చూడమను. మన కంటికి మన తప్పు కనపడదు.

పాత_పాజిటివ్ | మంగళవారం, రాత్రి 9:20

రెండు రోజుల నుంచి చదువుతున్నాను. అబ్బాయి అడిగిన రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. పాట లేకుండా ఎలా కొయ్యాలి అన్నాడు. అది కదా అసలు సంగతి.

నేను మద్రాసులో ఎనభైల చివర్లో అసిస్టెంటుని. మొదటి ఆరు నెలలు కత్తెర ముట్టుకోనివ్వలేదు. పాజిటివ్ రోల్స్ మీద అంచు నంబర్లు పుస్తకంలో ఎక్కించడం, క్లాప్ మూసిన ఫ్రేము చూసి సౌండ్ ఫిల్ముతో జత చెయ్యడం, అంతే పని. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. ఎడిటర్‌గారు కోసిన ముక్కలు గుడ్డ సంచి కట్టిన బిన్నుకి మేకులకి వేలాడదీసేవాళ్లం. రెండు ఫ్రేముల ముక్క కింద పడిపోతే నలుగురం నేల మీద పాకి వెతికిన రాత్రులున్నాయి. అతికినచోట మళ్లీ విప్పి అతకాలంటే పని, అందుకని కొయ్యకముందు ఒకటికి పదిసార్లు చూసేవారు. నేను నేర్చుకున్నది వాళ్లు చూసే తీరు చూసే. స్టీన్‌బెక్ అనే ఎడిటింగ్ బల్ల మీద ఒకే షాటు ముందుకీ వెనక్కీ నడిపిస్తూ, ఉన్నట్టుండి ఒకచోట ఆపి గ్రీజు పెన్సిల్‌తో గీత పెట్టేవారు. ఎందుకక్కడ అని అడిగితే చెప్పేవారు కాదు.

తెలుగులో ఎడిటింగు చాలామంది ఇంట్లో నేర్చుకున్నారు. శ్రీకర్ ప్రసాద్ నాన్నగారు అక్కినేని సంజీవి, మార్తాండ్ కె. వెంకటేష్ నాన్నగారు మార్తాండ్, ఇద్దరూ ఎడిటర్లే. ఇంట్లో ఎడిటరు లేనివాడు ఎవరి వెనకో కూర్చోవాలి. ఇప్పుడు వెనక కూర్చునే వీలు తగ్గింది, ఎవరి గదిలో వాళ్లు ల్యాప్‌టాప్‌తో ఒంటరిగా ఉంటున్నారు. ఆన్‌లైన్‌లో బటన్లు నేర్పేవాళ్లు లక్షమంది ఉన్నారు. నీ కట్ చూసి, ఇక్కడ ఎందుకు కోశావురా అని అడిగే ఒక్కడిని వెతుక్కో.

అబ్బాయ్, నీ బుర్రకథకి పాట లేదన్నావు. కథకుడి పక్కన వంత పాడేవాళ్లు, అదే వంతలు, "తందాన తాన" అంటారా లేదా?

పల్నాడు_మిక్సింగ్ | మంగళవారం, రాత్రి 9:33

అంటారు మాష్టారూ. ప్రతి నాలుగైదు మాటలకీ.

పాత_పాజిటివ్ | మంగళవారం, రాత్రి 9:50

అదే నీ బీటు. కథకుడు చెప్తాడు, వంత అందుకుంటాడు. అందుకునే ముందు ఒక క్షణం ఉంటుంది చూడు, డక్కీ మీద చెయ్యి లేచి, కళ్లు కథకుడి మీద ఉండి, నోరు ఇంకా తెరవని క్షణం. అక్కడికి వెళ్లు. తందాన మొదలయ్యాక వంత మీదకి వెళితే ఆలస్యం అయినట్టుంటుంది. మొదలవకముందే వెళితే చూసేవాడు కూడా ఊపిరి బిగబడతాడు.

మాట వినిపిస్తుండగా బొమ్మ మార్చడం కూడా అలవాటు చేసుకో. కథకుడి గొంతు నడుస్తూనే ఉండాలి, బొమ్మ మాత్రం వింటున్న ముసలమ్మ మీద ఉండాలి. పెళ్లి మిక్సింగ్‌లో బొమ్మా పాటా ఒకేచోట కోస్తారు కదా, ఆ అలవాటు ముందు పోవాలి.

గుంటూరు జిల్లా పొన్నెకల్లు నాజర్ గారిని విన్నావా? 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన రికార్డింగులు దొరికితే బొమ్మ లేకుండా విను. ఎక్కడ కొయ్యాలో చెవికి తెలుస్తుంది.

కాకినాడ_కెమెరా | మంగళవారం, రాత్రి 10:15

మాష్టారు ఒక పోస్టు రాస్తే వంద ట్యుటోరియల్స్ దండగ.

స్టేజీ వెనక నుంచి తీసిన ఫోన్ షాట్ల గురించి ఒక హెచ్చరిక. ఎదుటి నుంచి చూస్తే కథకుడికి ఎడమ పక్కన కనపడే వంత, వెనక నుంచి చూస్తే కుడి పక్కకి మారిపోతాడు. పెళ్లిలో ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడతాం కాబట్టి పట్టించుకోం. ఇక్కడ నేరుగా ఎదుటి షాటు నుంచి వెనక షాటుకి కోస్తే మనుషులు చోటు మార్చుకున్నట్టు కనపడుతుంది. మధ్యలో జనం షాటో, డక్కీ మీద చేతుల క్లోజో పెట్టి అప్పుడు వెళ్లండి.

కృష్ణానగర్_అసిస్టెంట్ | బుధవారం, ఉదయం 7:30

ప్రాక్టీస్‌కి ఫుటేజ్ లేక ఇబ్బంది పడేవాళ్లకి నేను వెతికినవి చెప్తా. బ్లెండర్ ఫౌండేషన్‌వాళ్లు తీసిన టియర్స్ ఆఫ్ స్టీల్ అనే షార్ట్ ఫిలిం ఫుటేజ్ ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ కింద వదిలారు. యారీ, రెడ్ కంపెనీలు వాళ్ల కెమెరాలతో తీసిన నమూనా ఫైళ్లు సైట్లలో పెడతాయి, కలరింగ్ నేర్చుకోవడానికి భలే ఉంటాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రెలింగర్ అని పాత అమెరికన్ ప్రచార చిత్రాల గుట్ట ఉంది. వాటి ఆడియో తీసేసి, మన తెలుగు వాయిస్‌తో కొత్త కథ కట్ చేస్తే మంచి కసరత్తు. నేను సబ్బు యాడ్‌ని దెయ్యం కథ చేశా. ఎడిట్‌స్టాక్ అని ఒకటి ఉంది, డబ్బు కట్టాలి, కానీ స్క్రిప్టుతో సహా మొత్తం సీను రషెస్, అంటే కట్ చెయ్యని షాట్లు ఇస్తారు.

మాష్టారూ, ఒక మాట. ఆదుర్తి సుబ్బారావు గారు డైరెక్టర్ కాకముందు ఎడిటరే కదా? మా రూమ్మేట్ ఒప్పుకోవట్లేదు. బిర్యానీ పందెం వేశాం.

పాత_పాజిటివ్ | బుధవారం, ఉదయం 8:02

ఎడిటరే. బిర్యానీ నీదే.

పల్నాడు_మిక్సింగ్ | శుక్రవారం, రాత్రి 11:55

మూడు నిమిషాల ముక్క కట్ చేశాను. కోట దగ్గర వెంగళరాయుడి ఘట్టం. లింక్ అన్‌లిస్టెడ్‌గా పెట్టాను, పైన టైమ్‌కోడ్ కనపడేలా వేశాను, దాన్ని బట్టి చెప్పండి. తిట్టండి, పర్లేదు. హార్టు ట్రాన్సిషన్ ఒక్కటి కూడా వాడలేదు, మీ మీద ఒట్టు.

ఓరుగల్లు_కట్ | శనివారం, ఉదయం 7:20

మొదటి నిమిషం జబర్దస్త్ ఉంది. 0:48 దగ్గర ముసలాయన బీడీ ఆపి చూసేది, ఆ షాటు ఇంకో రెండు సెకన్లు ఉంచు. ఎందుకు తొందర?

టైమ్‌లైన్_పిల్ల | శనివారం, ఉదయం 9:05

బాగుంది అన్నా. ఒక్క సంగతి. మాష్టారు చెప్పారని ప్రతి తందానకీ వంత మీదకి వెళ్లావు. మొదటి నాలుగుసార్లు బాగుంది. ఐదోసారి నాకు ముందే తెలిసిపోయింది. 1:30 తర్వాత నేను చూడ్డం మానేసి లెక్కపెడుతున్నాను. రెండుసార్లు వెళ్లకుండా కథకుడి మీదే ఉండిపో, తందాన వెనక నుంచి వినిపించనీ. తర్వాత వెళితే మళ్లీ కొత్తగా ఉంటుంది.

2:11 దగ్గర ఫోన్ షాటులో చారలు ఉన్నాయి. ఒక్క సెకను మించి ఉంచకు.

పాత_పాజిటివ్ | శనివారం, ఉదయం 11:40

అమ్మాయి చెప్పింది నిజం. నేను చెప్పాల్సింది, మర్చిపోయాను.

1:52 దగ్గర కథకుడు కోట కూలింది అని చెప్పి ఆగుతాడు. నువ్వు ఆ ఆగినచోట కోసేశావు, ఖాళీ ఉందని భయపడి. ఆ ఖాళీ ఆయన సొమ్ము. ఎన్ని ఊళ్లలో ఆడితే వచ్చిందో ఆ ఆగడం. మొత్తం ఉంచు, ఆయన మళ్లీ నోరు తెరిచేదాకా.

శబ్దం_శబ్దం | శనివారం, మధ్యాహ్నం 12:10

ఆ ఖాళీలో మైకు హమ్ వినిపిస్తోంది. ఆ చోట కోసినందుకు ఇన్నాళ్లూ దొరకలేదు. కథ మొదలయ్యే ముందు జనం గుసగుసలు రికార్డయ్యే ఉంటాయిగా, ఒక అర నిమిషం ముక్క తీసి కింద పరుచు. పూర్తిగా నిశ్శబ్దం పెడితే గోడ కట్టినట్టు ఉంటుంది.

డల్లాస్_డైలీస్ | శనివారం, సాయంత్రం 6:30

ఎడిటింగ్ కాదుగానీ అడుగుతున్నా. కళాకారుల దగ్గర కాగితం మీద సంతకం తీసుకున్నారా? బుర్రకథ పాతదైనా, ఆడినవాళ్లకి ఆ ప్రదర్శన మీద హక్కు ఉంటుంది. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని ఉంది, 50 ఏళ్లు. రేపు యూట్యూబ్‌లో పెట్టాక ఎవరో బంధువు అడిగితే ఇబ్బంది. టైటిల్స్ కింద సినిమా పాట బిట్టు ఏదీ వెయ్యకండి కూడా. ఐదు సెకన్లు వాడితే కాపీరైట్ రాదు అని తిరిగేది వట్టి మాట. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరికేవి చాలు, అయినా అందెల చప్పుడు ఉండగా వేరే మ్యూజిక్ ఎందుకు?

పల్నాడు_మిక్సింగ్ | ఆదివారం, ఉదయం 10:05

సంతకం తీసుకోలేదండీ. పెళ్లిళ్లలో ఎవరు తీసుకుంటారు! ఈ వారం ఊరు వెళ్తున్నాను, అప్పుడు తీసుకుంటా. ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లి వాళ్లకి చూపిస్తా.

ఫుటేజ్ రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టాను. ఒకటి మా అత్తగారింట్లో ఉంచాను.

ఓరుగల్లు_కట్ | ఆదివారం, ఉదయం 10:12

అత్తగారిల్లు అంటే మస్తు సేఫ్. తాళం కూడా వాళ్లదే.

పల్నాడు_మిక్సింగ్ | పై గురువారం, రాత్రి 10:30

చూపించాను. అరుగు మీద ల్యాప్‌టాప్ పెడితే ముప్పై మంది చేరారు. 20 నిమిషాలూ కదల్లేదు. సంతకాలు ముగ్గురివీ అయ్యాయి.

కోట కూలాక ఆగేచోటు మొత్తం ఉంచాను మాష్టారూ. ఆ చోటికి వచ్చేసరికి కథకుడు ల్యాప్‌టాప్ చూడ్డం మానేసి జనం ముఖాలు చూస్తున్నారు. ఏమీ అనలేదు. టీ తాగించి పంపారు.

హాస్యం చెప్పే ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "నా జోకు నడుం దగ్గర కోశావు బాబూ, జనం నవ్వింది రెండోసారి, నువ్వు మొదటిదానికే వెళ్లిపోయావు" అన్నారు. ఇంటికొచ్చి చూశా. నిజమే. 11 సెకన్లు తిరిగి పెట్టాను. ఇప్పుడు బాగుంది. రేపు పొద్దున ఫైనల్ ఇచ్చేస్తున్నాను.

శబ్దం_శబ్దం | పై గురువారం, రాత్రి 10:41

ఆ 11 సెకన్లు పెట్టాక సబ్‌టైటిల్ ఫైలు జరిపావా తమ్ముడూ?

పల్నాడు_మిక్సింగ్ | పై గురువారం, రాత్రి 10:43

అయ్యో.

టైమ్‌లైన్_పిల్ల | పై గురువారం, రాత్రి 10:50

సబ్‌టైటిల్ ఎడిట్ దింపుకో అన్నా, ఉచితం. జోకు తర్వాత లైన్లన్నీ ఎంచుకుని ఒకేసారి 11 సెకన్లు ఆలస్యంగా వచ్చేలా జరిపెయ్. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఉందో లేదో చూడు, లేకపోతే పొద్దున ఆయనకి తెలుగు బదులు ప్రశ్నార్థకాలు కనపడతాయి. మేలుకునే ఉంటా, అయ్యాక ఒకసారి పంపు.